చంద్రుడి మీద నుంచి భూమిని గీసిన బాలుడు

2003 ఫిబ్రవరి 1న కొలంబియా వ్యోమనౌక టెక్సాస్ గగనతలంలో ముక్కలైన దుర్ఘటన తెలుగువారికి కల్పనా చావ్లా మరణంగానే జ్ఞాపకం. ఆమెతో పాటు మరణించిన ఇజ్రాయిల్ వ్యోమగామి ఇలాన్ రామోన్ తన వెంట ఒక పెన్సిల్ చిత్రం నకలును తీసుకువెళ్ళాడు. రామోన్ తల్లి ఆష్విట్జ్ నుంచి ప్రాణాలతో బయటపడిన స్త్రీ. ఆ చిత్రాన్ని గీసిన పీటర్ గింజ్ అదే ఆష్విట్జ్‌లో 1944లో, పదహారేళ్ళ ప్రాయంలో హతుడయ్యాడు. అతడు జన్మించినది 1928 ఫిబ్రవరి 1న. నౌక కూలిన నాటికి బతికి ఉంటే సరిగ్గా డెబ్బై అయిదేళ్ళు నిండేవి.

ఇటువంటి కాకతాళీయాలు పత్రికలకు ప్రీతిపాత్రాలు. అయితే ఆ వార్త వల్ల ఒనగూరిన అసలు మేలు వేరే ఉంది. దానిని విన్న ప్రాగ్ వాసి ఒకరు, తన ఇంటి అటక మీద దొరికిన పాత నోటుపుస్తకాలు ఆ బాలుడివేనని గుర్తుపట్టారు. అతడి చెల్లెలు హావా ప్రెస్‌బర్గర్ వాటిని పరిష్కరించి ప్రకటించారు. అమెరికాలో 2007లో ఆంగ్లానువాదంగా వెలువడిన 'ది డైరీ ఆఫ్ పీటర్ గింజ్' అదే.

అన్నే ఫ్రాంక్‌ను మనసులో పెట్టుకుని ఈ పుస్తకం తెరిచినవారికి ఆశాభంగం తప్పదు. 1941 సెప్టెంబరు నుంచి 1942 ఆగస్టు వరకు సాగిన ఈ దినచర్యలో ఆత్మశోధన దాదాపు శూన్యం. బడి, వాతావరణం, కొత్తగా వచ్చిన నిషేధం, రవాణాకు పిలుపు వచ్చిన బంధువు, అన్నీ కేస్ షీటులో వైద్యుడు రాసుకునే పొడి వాక్యాలలాగే ఉంటాయి. యూదులు పసుపు నక్షత్రం ధరించాలన్న ఆజ్ఞ వచ్చిన రోజున, బడికి వెళ్ళే దారిలో అటువంటివారు అరవై తొమ్మిది మంది కనిపించారని లెక్క రాసుకున్నాడు. విలాపం లేదు. సాహిత్యంగా ఇది అన్నే డైరీకి సాటి రాదని ఒప్పుకోవలసిందే. పీటర్ అసలు గొంతు అతడి బొమ్మలలోనూ, లినోలియం ముక్క మీద చెక్కి, సిరా పూసి కాగితం మీద ఒత్తిన ముద్రలలోనూ వినిపిస్తుంది. పుస్తకంలో వాటికి చోటివ్వడం ఎంతో ఉచితమైన పని.

రామోన్ వెంట వెళ్ళిన చిత్రంలో ముందు చంద్రుడి మీది కరకు శిఖరాలు, వెనుక నల్లని ఆకాశంలో భూగోళం. అపోలో 8 యాత్రికులు ఆ దృశ్యాన్ని కళ్ళారా చూసి ఛాయాచిత్రం తీసింది 1968లో. నిర్బంధంలోని బాలుడి పలాయన స్వప్నంగా దీనిని వ్యాఖ్యానించడం పరిపాటి అయింది. అది సరి కాదు. టెరెజిన్ ముఖం చూడక ముందే, ప్రాగ్‌లోని తన ఇంట్లోనే, జూల్ వెర్న్ ప్రభావంతో అతడు స్వయంగా బొమ్మలు వేసుకుంటూ నవల రాశాడు. శిబిరం అతడికి ఊహాశక్తిని ఇవ్వలేదు. అంతకుముందే సాగుతున్న పనికి అడ్డుపడింది, అంతే.

అమెరికాలో ఈ బాలల స్మృతికి సీతాకోకచిలుక చిహ్నమైంది. హ్యూస్టన్ హోలోకాస్ట్ మ్యూజియం పిల్లల చేత పదిహేను లక్షల సీతాకోకచిలుకలు చేయించి సేకరించింది. సదుద్దేశమే, సందేహం లేదు. కానీ ఆ చిహ్నానికి మూలమైన కవితను 1942లో రాసిన పావెల్ ఫ్రీడ్‌మన్‌కు అప్పటికి ఇరవై ఒక్క ఏళ్ళు! ఒక యువకవిని పసివాడిని చేసి, ఆపై పేరు కూడా మరచిపోవడం ఏపాటి స్మరణ? రోగిని పడక నంబరుతో పిలిచే అలవాటు ఆసుపత్రులలోనూ ఉన్నదే. టెరెజిన్‌లో పిల్లలకు చిత్రలేఖనం నేర్పిన ఫ్రీడల్ డికర్ బ్రాండైస్ ఈ ప్రమాదాన్ని ముందే గ్రహించినట్లుంది. ప్రతి బొమ్మ మీద గీసినవారి పేరు ఉండాలని ఆమె పట్టుబట్టేది. 1944 అక్టోబరులో ఆమెను ఆష్విట్జ్‌కు తరలించి చంపారు. రెండు సూట్‌కేసులలో ఆమె దాచి వెళ్ళిన సుమారు 4,500 బొమ్మలు యుద్ధానంతరం ప్రాగ్ చేరాయి. వాటిలో అనేకం నేటికీ అనామకం కాకపోవడానికి ఆ పట్టుదలే కారణం.

పీటర్ తల్లి యూదురాలు కాదు. అటువంటి కుటుంబాల పిల్లలను పద్నాలుగేళ్ళు నిండాక తరలించేవారు. 1942 అక్టోబరులో అతడు ఒంటరిగా టెరెజిన్ వెళ్ళాడు. అక్కడ తోటి బాలురతో 'వెడెమ్' అనే వారపత్రిక నడిపాడు. దాని పుటలు దాదాపు ఎనిమిది వందలు మిగిలాయి. ప్రయాణమైన నాటి సంగతులను తరువాత శిబిరంలో రాసుకున్నాడు. పెట్టెలో సర్దుకున్న సామాన్లలో తెల్లకాగితాలు, లినోలియం, దానిని చెక్కే చిన్న కత్తులు, సగం రాసిన నవల ఉన్నాయి.