కాపురం మార్చిన కణం

“మా మామగారికి నిరుడు పెద్దప్రేగులో రాచపుండు కోసి తీసేశారు. ఇప్పుడు కాలేయంలో రెండు గడ్డలున్నవి అంటున్నారు. ఒక కాన్సరు పోయి ఇంకొకటి వచ్చిందా? లేక మొదటిది సరిగా తీయలేదా?” అని ఒక పాఠకుడు ఉత్తరం రాశారు.

వచ్చింది కొత్త కాన్సరు కాదు. కాలేయంలో చేరినా అది ప్రేగు కాన్సరే. ఆ గడ్డలోంచి పిసరంత తీసి సూక్ష్మదర్శిని కింద చూస్తే కాలేయ కణాలు కావు, ప్రేగు గోడలోని గ్రంథుల పోలికే కనిపిస్తుంది. అందుకే మందులు కూడా ప్రేగు కాన్సరువే ఇస్తారు. శస్త్రవైద్యుణ్ణి తప్పుపట్టడానికీ లేదు. కత్తి పడేనాటికే కంటికి ఆనని కణాలు కొన్ని ఊరు దాటి ఉండవచ్చు.

ఎలా దాటినవి? ప్రేగు లోపలి పొరలో కణాలు గోడలో ఇటుకల్లాగా ఒకదాన్నొకటి అంటుకుని ఉంటవి. ఇ-కెడ్హెరిన్ అనే ప్రొటీను వాటికి జిగురు. ఈ జాతి జిగుళ్ళను జపానులో తకైచి అనే శాస్త్రజ్ఞుడు బయటపెట్టాడు. కాల్షియం లేనిదే ఇవి అంటవు. జిగురు కొస కణం లోపలికి చొచ్చుకుని ఉంటుంది. ఆ కొసను పట్టుకుని ఉండేది బీటా-కెటెనిన్ అనే మరో ప్రొటీను.

ఈ బీటా-కెటెనిన్‌కు రెండు కొలువులు. జిగురును పట్టుకుని ఉన్నంతసేపూ బుద్ధిమంతుడే. విడిగా తిరిగి కేంద్రకంలో జొరబడ్డాడా, “పెరగండి” అని జన్యువులకు ఆజ్ఞలు జారీచేస్తాడు! ఇలా విడిగా తిరిగేవాళ్ళను పట్టి మట్టుపెట్టించే కాపలాదారు ఎ.పి.సి. అనే ప్రొటీను. దాని జన్యువును 1991లో గుర్తించారు. పెద్దప్రేగు కాన్సర్లలో అయిదింట సుమారు నాలుగింటిలో ఈ కాపలాదారే చెడిపోయి ఉంటాడు.

కాపలా చెడితే మొదట మొలిచేది చిన్న పిలక. వైద్యులు దాన్ని పాలిప్ అంటారు. అది ముదిరి కాన్సరు కావడానికి తరచు పదేళ్ళు పడుతుంది. ఈలోగా గొట్టం పెట్టి చూసి తుంచేస్తే ఆ పిలక కథ అంతటితో సరి. మనవాళ్ళేమో మలంలో నెత్తురు కనబడగానే తామే మూలశంక అని తేల్చుకుని, ఎవరో చెప్పిన చూర్ణం మింగుతూ నెలలు గడిపేస్తారు. ఈ సంగతిలో నాకు కోపం ఆగదు.

ముదరడం ఒక ఎత్తు, ఊరు దాటడం ఒక ఎత్తు. స్నెయిల్, జెబ్ అనే ప్రొటీన్లు జిగురు జన్యువు నోరు నొక్కేస్తవి. అంటు వదిలిన కణం సాగుతుంది, పాకడం నేరుస్తుంది. అడుగు పొరను ఎంజైములతో కరిగించుకుని నెత్తుటి నాళంలో దూరుతుంది. పెద్దప్రేగు నెత్తురు పోర్టల్ సిర గుండా ముందుగా కాలేయానికే పోతుంది గనుక మొదటి మజిలీ తరచు అదే అవుతుంది. దారిలో చచ్చేవే ఎక్కువనుకోండి.

అక్కడికి చేరినదాని సంగతి ఇంకా చిత్రం. జర్మనీలో బ్రాబ్లెట్జ్ బృందం 2001లో ప్రకటించినదేమంటే, గడ్డ అంచున జిగురు పోగొట్టుకున్న కణాలున్నా, దూరాన నాటుకున్న గడ్డల్లో ఆ జిగురు మళ్ళీ కనిపించింది. కాషాయం కట్టి ఊరు దాటిన సన్యాసి పై ఊళ్ళో మళ్ళీ సంసారం పెట్టినట్లన్నమాట! జిగురు జన్యువే శాశ్వతంగా చెడి ఉంటే ఈ వెనుకమళ్ళడం కుదరదు. ఆ వేషం తొడగడంలోనూ విప్పడంలోనూ చుట్టుపక్కల పరిస్థితుల చెయ్యి ఉన్నదని వారి వాదన.

ఇక మామగారి మాట. కాలేయానికి ఒక గొప్ప గుణం ఉన్నది. కొంత కోసి తీసినా మిగిలినది తిరిగి పెరుగుతుంది. గడ్డలు కొద్దిగానే ఉండి, మిగిలే కాలేయం చాలినంత ఉంటే కొందరికి వాటిని కోసి తీసేస్తారు. అలా తీయించుకున్నవారిలో పదేళ్ళు దాటినా జబ్బు తిరగబెట్టనివారు ఉన్నారు. ఇక్కడ గడ్డలు రెండే అంటున్నారు గనుక, కాలేయ శస్త్రచికిత్సలో చేయి తిరిగిన వైద్యుడికి ఆ స్కాను చూపించి, తీయడానికి వీలవుతుందా అని ఈ వారమే అడగండి.