ఐచ్ఛిక విషయముల యెన్నిక

వేసవి రాగానే, మన పాఠశాలలో చదివి ఇంటర్మీడియట్టు ముగించిన విద్యార్థులు కొందఱు నాయొద్దకు వచ్చి, "సార్, డిగ్రీలో ఏ విషయములు తీసికొనిన సులభముగా నుండును?" అని యడుగుచుందురు. ఈ ప్రశ్న విని నవ్వువారు కలరు. నేను నవ్వను. ఝరాసంగమునుండియో న్యాల్‌కల్‌నుండియో బస్సెక్కి వచ్చి, సెలవు దినములందు చెఱకుతోటలోనో అల్లపు చేనిలోనో తలిదండ్రులకు తోడ్పడు బిడ్డ, తాను మోయదగిన బరువెంతయని విచారించుట తప్పుగాదు, వివేకమే. అయితే తేలిక వేఱు, చులకన వేఱు.

తెలంగాణములో 2016వ సంవత్సరమునుండి డిగ్రీ ప్రవేశములు దోస్త్ అను అంతర్జాల పద్ధతిచే జరుగుచున్నవి. పూర్వము చరిత్ర, అర్థశాస్త్రము, రాజనీతిశాస్త్రము ఒక్క మూటగా గట్టి విద్యార్థి చేతికిచ్చెడివారు. నేడు పలు కళాశాలలలో ఆ మూట కొంత విప్పబడినది. ఎన్నుకొను స్వాతంత్ర్యము హెచ్చినకొలది బాధ్యతయు హెచ్చును.

నా యనుభవమొకటి చెప్పెదను. "ఇందులో మార్కులు రాలును" అని యొకరు చెప్పిన మాట నమ్మి, నేను డిగ్రీలో ఒక విషయమును తీసికొంటిని. మూడేండ్లు గైడును వల్లించితిని. పరీక్ష మఱునాటికి ఒక్క ముక్కయు నిలువలేదు; మార్కులును అంతంతమాత్రమే. ఇష్టపడి తీసికొనిన చరిత్రకు పుస్తకములు లావైనను, ఆ బరువు నాకు తెలియలేదు. నేటికిని నాకు అన్నము పెట్టుచున్నది ఆ చరిత్రయే.

ఈ విద్యలు దూరమున నున్నవని తలంపకుడు. మన జహీరాబాదు 1956 వఱకు బీదరు జిల్లాలోనిది. పిమ్మట మెదకు జిల్లాలో జేరి, 2016లో సంగారెడ్డి జిల్లాలోనికి వచ్చినది. ఏల మాఱినదని యడిగినచో అదియే రాజనీతిశాస్త్రము. బీదరులో మహమూద్ గవాను 1472 నాటికి కట్టించిన మదరసా నేటికిని చూడవచ్చును, అది చరిత్ర. మాచనూరులో 2008లో గ్రామ స్త్రీలు నడుప నారంభించిన సంగం రేడియో సమాజశాస్త్రమునకును, జర్నలిజమునకును పాఠమే. మన సంతలో తెలుగు, ఉర్దూ, కన్నడము, మరాఠీ నాలుగును వినబడును. చెవికి పరిచితమైన భాషను ఎన్నుకొనువానికి సగము పని ముందే యైనట్లు గదా!

కావున విద్యార్థులారా, దరఖాస్తు నింపుటకు మున్ను నాలుగు పనులు చేయుడు. ఆ విషయపు పాఠ్యగ్రంథములో ఒక్క అధ్యాయము చదివి, రెండవది చదువ బుద్ధిపుట్టునేమో చూడుడు. పాత ప్రశ్నపత్రములు తెచ్చి, ఎంత వ్రాయవలసి యుండునో తెలిసికొనుడు. బోధించు అధ్యాపకులు కలరా, బోధన ఏ భాషలో జరుగునని కళాశాలకే పోయి విచారింపుడు. ఉపాధ్యాయ వృత్తి కోరువారు, డిగ్రీలో ఏయే విషయములు చదివినవారు అర్హులో ఆ నియమములను ముందే చూచుకొనుడు.

తలిదండ్రులకు ఒక మనవి. "లెక్కలు రానివానికే చరిత్ర" అని బిడ్డ యెదుట అనకుడు. ఆ మాటతో వాడు చదువక మునుపే ఓడిపోవును. ఇష్టమును, శక్తియు కలిసినచోట బిడ్డను నిలుపుడు. అచ్చట వాడు తానే నడచును.