పెంచుదాం, వేళకు పంపుదాం
ఆదోని, ఎమ్మిగనూరు పెంపుడు కుటుంబాల ప్రణాళిక

కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు ఊళ్ల నుంచి ఏటా జనం సుగ్గికి, అంటే వలస కూలికి పోతారు. పిల్లల్లో కొందరు అవ్వ దగ్గర, కొందరు సీజనల్ హాస్టల్లో ఉంటారు, కొందరు వెంటే పోతారు. అమ్మానాన్నలు దగ్గర లేక, అవ్వ కూడా లేని బిడ్డ చివరికి పిల్లల హోంకు చేరుతుంది. అలాంటి బిడ్డకు ముందుగా ఒక ఇల్లు దొరకాలన్నదే మా ఉద్యమం.

2015 బాలల న్యాయ చట్టం దీనికి దారి వేసింది. బాలల సంక్షేమ సమితి ఉత్తర్వు మీద, రక్తసంబంధం లేని కుటుంబం కూడా బిడ్డను కొంతకాలం పెంచవచ్చు. ఇది దత్తత కాదు. కేంద్రం ఇచ్చిన 2024 మార్గదర్శకాలు పెళ్లికాని వారికీ, ఒంటరి వారికీ అవకాశమిచ్చాయి. కేంద్ర పథకం మిషన్ వాత్సల్య కింద బిడ్డకు నెలకు 4,000 రూపాయల సాయం ఉంది. ఇక కావలసింది తగిన మనుషులు. వారికి ఉండాల్సిన గుణాలు ఇవి:

1. ఓపిక. కొత్త ఇంట్లో బిడ్డ పక్క తడపొచ్చు, రొట్టె దాచుకోవచ్చు, అబద్ధమాడొచ్చు. అది భయం. చెయ్యెత్తేవారు ఈ పనికి వద్దు.

2. అదుపున్న నోరు. కన్నవాళ్లు తాగినా, జైల్లో ఉన్నా, బిడ్డ ముందు వాళ్లను తిట్టకూడదు.

3. కులం అడగని మనసు. బిడ్డ కన్నడమో ఉర్దూనో మాట్లాడితే నాలుగు మాటలు మనమే నేర్చుకోవాలి. బిడ్డ దేవుణ్ణి మార్చకూడదు.

4. ప్రతిఫలం ఆశించని గుణం. పత్తి చేలో పుప్పొడి అద్దే క్రాసింగ్‌కో, మగ్గం దగ్గర కండెలు చుట్టడానికో బిడ్డను తెచ్చుకునేవారికి ఇక్కడ చోటు లేదు. కృతజ్ఞత కూడా అడగొద్దు.

5. దాపరికం లేని ఇల్లు. అధికారులు ఎప్పుడొచ్చినా తలుపు తీయాలి, బిడ్డను ఒంటరిగా మాట్లాడనివ్వాలి.

6. పంపగల గుండె. కన్నవాళ్లు నిలదొక్కుకున్నారని సమితి తేల్చిన రోజు, ఏడ్చినా సరే, బట్టలు సర్ది పంపాలి. మిగతా అయిదూ ఉండి ఇదొక్కటి లేకపోతే ఆ ప్రేమ బిడ్డకు బరువే.

మా మాట: ఉత్తర్వు లేకుండా గుట్టుగా బిడ్డను తెచ్చుకోం. పెంచే ఇంట్లో ఎవరికైనా జబ్బు చేస్తే పక్క ఇంటివాళ్లం నిలబడతాం.

మా డిమాండ్: నెల సాయం నెలనెలా అందాలి. విచారణలకు కూలి పోగొట్టుకుని కర్నూలు తిరిగే పని లేకుండా, ఆదోనిలోనే సమితి బెంచి పెట్టాలి.

ఈ ఆరు గుణాలూ మీలో ఉన్నాయా? కర్నూలులోని జిల్లా బాలల సంరక్షణ విభాగాన్ని సంప్రదించండి. లేవనిపిస్తే, ఆపదలో ఉన్న బిడ్డ కనబడినప్పుడు 1098కి ఫోన్ చేయండి. అదీ ఉద్యమమే.