వంటకమునకు సేనాని పేరేల?

అతిథులను అబ్బురపరుపగోరు ఇంగ్లీషు గృహస్థు విందున ‘బీఫ్ వెల్లింగ్టన్’ పెట్టించును. గోమాంసపు నడుముకండను నలువైపుల ఎఱ్ఱగా వేయించి, ఆవముద్ద పూసి, సన్నగా తఱిగి వేచిన పుట్టగొడుగులతో కప్పి, వెన్నపొరల పిండిలో చుట్టి కాల్తురు. పుట్టగొడుగులలో చెమ్మ మిగిలెనా, అడుగుపిండి ముద్దయగును. ఇంత శ్రమయు వంటవానిది. కీర్తియో, 1799లో నిజాము సేనతో శ్రీరంగపట్టణముపైకి నడచి, 1803లో అస్సాయివద్ద మహారాష్ట్రులను, 1815లో వాటర్లూవద్ద ఫ్రెంచివారిని గెలిచిన వెల్లింగ్టను ప్రభువుది! ఆయన దీనిని వండించుకొనెననుటకు నిదర్శనమేది? ఓడిన ఫ్రెంచివారికిని ఇట్టి వంటకము కలదు. వారు దానిని పిండిపొరలోని మాంసమని సాదాగా పిలుతురు. ఎవరేమి తినవలయునను తగవు మేమిచట తేము. ఊళ్లకును వీధులకును తమ సేనానుల పేర్లు తగిలించినవారికి పళ్లెమొక లెక్కయా? విందునకేగు పెద్దలారా, పళ్లెము వచ్చినప్పుడు వండినవాని పేరడుగుడు.