మతిమరుపు అనగానే వయసును అనకండి

పెద్దవాళ్ళు తాళాలు ఎక్కడ పెట్టారో మరచిపోతున్నారని, భోజనం చేసి కూడా చేయలేదంటున్నారని చెప్పి చాలా కుటుంబాలు ఓ.పి.కి వస్తుంటాయి. "వయసు మీద పడింది సిస్టర్, అంతే" అని తీర్పు కూడా వాళ్ళే చెప్పేస్తారు. బి.పి. మాత్రలు, షుగర్ మాత్రలు చూపిస్తారు. రాత్రి పడుకునే ముందు వేసుకునే చిన్న మాత్ర సంగతి మాత్రం మేము గుచ్చి గుచ్చి అడిగితే తప్ప బయటికి రాదు. అదసలు మందే కాదన్నట్టు! వయసును నిందించే ముందు ఆ మాత్ర గురించి అడగాలని మేము గట్టిగా చెబుతున్నాము.

ఆల్ప్రాజోలమ్, డయాజిపామ్, క్లోనజిపామ్, జోల్పిడెమ్ — ఇవన్నీ మెదడు వేగాన్ని తగ్గించి నిద్ర పట్టిస్తాయి. ఆ మత్తు ఉన్నంతసేపు కొత్త సంగతులను మనసులో నాటుకోనివ్వవు. పాత జ్ఞాపకాల జోలికి పెద్దగా పోవు. అందుకే తన పెళ్ళి ముచ్చట్లు పూసగుచ్చినట్టు చెప్పే అమ్మమ్మకు, నిన్న రాత్రి కొడుకు ఫోనులో ఏం చెప్పాడో గుర్తుండదు. ముసలితనంలో వచ్చే మతిమరుపు జబ్బు కూడా ఇలాగే మొదలవుతుంది గనుక ఇంట్లోవాళ్ళు తేడా పట్టలేరు.

ఎండోస్కోపీకి ముందు ఇచ్చే మిడజోలమ్ ఇంజక్షన్ కూడా ఈ కోవదే. రోగి పక్కకు తిరగమంటే తిరుగుతారు, పిలిస్తే పలుకుతారు. అంతా అయిపోయాక "ఇంకా ఎప్పుడు చేస్తారు సిస్టర్?" అంటారు. అక్కడ ఆ మరపు మేలే. ఇంట్లో ప్రతి రాత్రీ అదే జరిగితే?

అరవై దాటినవారిలో ఈ మందులు ఒంట్లోంచి త్వరగా పోవు. డయాజిపామ్ అయితే రోజుల తరబడి ఉంటుంది. పొద్దున కూడా మత్తు, బాత్‌రూంకు వెళ్తూ పడిపోవడం, తుంటి ఎముక విరగడం. అన్నిటికన్నా మాకు భయం కలిగించేది, మాత్ర వేసుకున్న సంగతే మరచి ఇంకొకటి వేసుకోవడం. జోల్పిడెమ్ వేసుకున్న కొందరు నిద్రలోనే లేచి నడుస్తారు, వంట చేస్తారు, తెల్లవారితే ఏమీ తెలియదంటారు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2019లో దీనిపై తీవ్రమైన హెచ్చరిక జారీ చేసింది.

ఆపరేషన్ తర్వాతో, ఇంట్లో ఎవరో పోయినప్పుడో పది రోజులకు రాసిన మాత్ర పదేళ్ళు ఎలా సాగుతుంది? 2014 నుండి మన దేశంలో ఆల్ప్రాజోలమ్, జోల్పిడెమ్ వంటివి అమ్మితే డాక్టరు పేరు, రోగి పేరు, ఎన్ని ఇచ్చారో షాపువారు వేరే రిజిస్టరులో రాసి మూడేళ్ళు దాచాలి. అయినా మడతల దగ్గర చిరిగిన పాత చీటీతో మాత్రలు దొరుకుతూనే ఉన్నాయి. తప్పు షాపువాళ్ళది ఒక్కరిదే కాదు, ఆ చీటీ ఇచ్చి పిల్లలను పంపే ఇంటివాళ్ళది కూడా. పక్కింటావిడకు నిద్ర పట్టలేదంటే ఒకటి ఇచ్చే మంచితనం ఇంకొకటి!

ఇది చదివి ఈ రాత్రే మాత్రలు పారేయకండి. అది మరీ ప్రమాదం. తెలంగాణలో కల్తీ కల్లులో ఆల్ప్రాజోలమ్, డయాజిపామ్ కలిపేవారు. 2015లో దాడులు జరిగి ఆ కల్లు ఒక్కసారిగా దొరకకపోయేసరికి నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఎందరో వణుకుతో, ఫిట్స్‌తో, మతి చలించినట్టు ప్రవర్తిస్తూ ఆసుపత్రుల పాలయ్యారు. అలవాటైన మాత్రను డాక్టరు చెప్పిన లెక్కన వారాలు, ఒక్కోసారి నెలలు పట్టినా కొంచెం కొంచెంగానే తగ్గించాలి. అలా తగ్గించాక కొందరికి జ్ఞాపకం తేరుకుంటుంది. అందరికీ కారణం మాత్రే కాదు గనుక థైరాయిడ్, బి12 పరీక్షలు కూడా అవసరం పడవచ్చు.

మరో మాట. రాత్రి ఎనిమిదికే పక్క మీదికి చేరినవారికి రెండింటికి మెలకువ వస్తే అప్పటికే ఆరు గంటల నిద్ర అయినట్టు. దానికి మాత్ర ఎందుకు? సాయంత్రం టీ మానేసి, పగటి నిద్ర తగ్గించి చూడండి.

ఈసారి ఓ.పి.కి పెద్దవాళ్ళను తీసుకొచ్చేటప్పుడు మందుల సంచి మొత్తం తెండి, దిండు కింద ఉన్న మాత్రల అట్టతో సహా.