కామెర్లకు పసరు పోసే ముందు మలం రంగు అడగండి

నాడి, మూత్రం, మలం, నాలుక, శబ్దం, స్పర్శ, నేత్రం, ఆకృతి అనే ఎనిమిదింటిని పరీక్షించి రోగనిర్ణయం చేయవలెనని యోగరత్నాకరం బోధిస్తున్నది. వీటిలో నాడీ పరీక్షను గురించి మనం ఎంతో గొప్పగా చెప్పుకుంటాం. మలం మాట వచ్చేసరికి ముఖం తిప్పుకుంటాం. రోగి చెప్పడు, ఇంటివారు అడగరు, మందు ఇచ్చేవారు సైతం పలుమార్లు విచారించరు. ఈ సిగ్గు వలన కలిగే నష్టం సామాన్యమైనది కాదు.

అల్లం, చెరకు, జొన్న పండే జహీరాబాద్ ప్రాంతాన్నే తీసుకుందాం. ఒకప్పుడు తెల్లవారకముందే పొలాలకు వెళ్లే పల్లె ప్రజలకు ఆ చీకటిలో మలం రంగును గమనించే అవకాశమే ఉండేది కాదు. 2014లో స్వచ్ఛ భారత్ కార్యక్రమం మొదలైన పిదప అనేక ఇళ్లలో మరుగుదొడ్లు ఏర్పడ్డాయి. చూసే అవకాశం వచ్చింది గాని, చూసే అలవాటు ఇంకా రాలేదు.

సహజవర్ణం ఎలా కలుగుతుంది?

ఎర్ర రక్తకణం సుమారు 120 రోజులు జీవించి నశిస్తుంది. అందులోని రంజక ద్రవ్యం కాలేయంలో పైత్యరసంగా మారి, పిత్తనాళం ద్వారా ప్రేగులలోనికి దిగుతుంది. అక్కడి సూక్ష్మజీవుల చర్య వలన అది గోధుమ వర్ణాన్ని పొందుతుంది. కనుక మలానికి రంగునిచ్చేది ప్రధానంగా పిత్తమే. ఆహారం ఆ రంగును కొంత మార్చగలదు. పుంటికూర, తోటకూర, చేనుగట్లపై మొలిచే ఆకుకూరలు విరివిగా తిన్నవారికి మలం పచ్చగా ఉండవచ్చు. బీట్‌రూట్ తిన్న మరునాడు ఎర్రగా కనిపించవచ్చు. ఇవి ఒకటి రెండు రోజులలో సర్దుకుంటాయి, భయపడనవసరం లేదు. చిన్నపిల్లలకు పచ్చని నీళ్ల విరేచనాలు అవుతున్నప్పుడు రంగు కంటే ఒంట్లో నీరు తగ్గిపోవడమే ముఖ్యమైన విషయం. ఓఆర్ఎస్ ద్రావణం వెంటనే ప్రారంభించవలెను.

తెల్లని మలం

కామెర్లు అనగానే మన పల్లెలలో పసరు గుర్తుకు వస్తుంది. నేల ఉసిరి నూరి ఇచ్చేవారున్నారు, ముక్కులో, కంటిలో చుక్కలు వేసేవారున్నారు, చేతికి వాతలు పెట్టేవారూ ఉన్నారు. కలుషిత జలం ద్వారా సంక్రమించే కామెర్లు చాలామందిలో విశ్రాంతితో, తగిన ఆహారంతో కొన్ని వారాలలో వాటంతట అవే తగ్గుతాయి. కీర్తి మాత్రం పసరుకు దక్కుతుంది. అయితే కామెర్లన్నీ ఒకే విధమైనవి కావు.

ఈ భేదాన్ని మనకు మొదట చెప్పినది ఆధునిక వైద్యం కాదు, చరక సంహిత. కోష్ఠాశ్రిత కామలలో మలమూత్రాలు గాఢమైన రంగు పొందుతాయి. కఫం చేత పిత్తమార్గం మూసుకుపోయిన శాఖాశ్రిత కామలలో మలం నూరిన నువ్వుల ముద్దవలె తెల్లబడుతుంది. మలానికి తిరిగి పిత్తవర్ణం వచ్చేవరకు చికిత్స సాగవలెనని కూడా చరకుడు నిర్దేశించాడు. అనగా రోగనిర్ణయానికీ, చికిత్స ఫలితానికీ మలవర్ణమే కొలమానం. నేడు అట్టి మార్గావరోధం పిత్తనాళంలోని రాయి వలన గాని, క్లోమంలోని కంతి వలన గాని కలుగవచ్చునని స్కానింగ్ చూపుతున్నది. రాయిని, కంతిని పసరు తొలగించలేదు. సాధారణ కామెర్లలో కూడా కొందరికి కొద్దిరోజులు మలం పాలిపోవచ్చు. ఏది ఏదో తేల్చవలసినది పరీక్షయే గాని ఊహ కాదు. మలం రంగు అడగకుండా కామెర్లకు మందు పోయడం చరకుని మాటను తోసిపుచ్చడమే అవుతుందని నా అభిప్రాయం.

శిశువుల విషయంలో ఇది మరింత తీవ్రమైనది. పుట్టిన బిడ్డకు మొదటి రెండు మూడు రోజులు నల్లపచ్చని మలం, తరువాత పసుపుపచ్చని మలం రావడం సహజం. రెండు వారాలు దాటినా కామెర్లు తగ్గక, మలం సున్నంవలె పాలిపోయి, మూత్రం బట్టకు పచ్చరంగు అంటిస్తుంటే పిత్తనాళాలు మూసుకుపోయాయేమోనని అనుమానించవలెను. జపాన్ వైద్యుడు మోరియో కసాయి 1950లలో రూపొందించిన శస్త్రచికిత్స ఇట్టి బిడ్డలకు ఆధారం. 60 రోజులలోపు చేసినప్పుడు ఫలితం మెరుగుగా ఉంటుంది. అందుకే తైవాన్ 2004 నుంచి దేశమంతటా, జపాన్ 2012 నుంచి తల్లీబిడ్డల పుస్తకంలో మలం రంగుల పట్టికను తల్లులకు అందిస్తున్నాయి. అట్టి పట్టిక మన ప్రతి అంగన్‌వాడీ గోడమీద, ప్రతి బాలింత చేతిలో ఉండవలెను. ఎండలో పడుకోబెట్టి, పసరు నాకించి గడిపే ప్రతి వారం ఆ బిడ్డ కాలేయాన్ని హరిస్తుంది.

నల్లని మలం

గర్భిణులకు ఇచ్చే ఇనుము మాత్రల వలన మలం నల్లబడుతుంది. అది చూసి, వేడి చేసిందనుకొని మాత్రలను పారవేసే స్త్రీలున్నారు. ఆ నలుపు నిరపాయకరం. రక్తహీనత మాత్రం ప్రసవవేళ ప్రాణాంతకం కాగలదు.

కరిగిన తారువలె జిగటగా, మెరుస్తూ, భరించరాని దుర్వాసనతో వచ్చే నలుపు వేరు. అది జీర్ణాశయం నుంచి గాని, చిన్నప్రేగు మొదటి భాగం నుంచి గాని స్రవించిన రక్తం. దినమంతా చెరకు కొట్టి, ఒళ్లు నొప్పులకు దుకాణంలో నొప్పి మాత్రలు కొని మింగే కూలీలకు ఈ ప్రమాదం పొంచి ఉంటుంది. వారికి కడుపులో మంట రాగానే ఇంట్లో ఇచ్చేది అల్లం కషాయం. జహీరాబాద్ అల్లం అగ్నిని రగిల్చే మంచి ఔషధమే. కాని రక్తపిత్తంలో, పాండురోగంలో, వ్రణంలో, దాహంలో అల్లం హితం కాదని భావప్రకాశం స్పష్టంగా చెప్పింది. నల్లని మలంతో పాటు కళ్లు తిరుగుతుంటే కషాయాలతో కాలయాపన చేయక ఆ క్షణమే ఆస్పత్రికి చేరవలెను.

ఎర్రని మలం

ఎర్రగా రక్తం పడగానే మొలలని తీర్మానించుకోవడం మనకు పరిపాటి. చాలాసార్లు అది నిజమే. చీలికలు, జిగట విరేచనాలు కూడా కారణం కావచ్చు. అయితే నలభై దాటినవారిలో మలవిసర్జన అలవాటు మారి, బరువు తగ్గుతూ, రక్తం పడుతుంటే పెద్దప్రేగు పుండు కాదని పరీక్షతో నిర్ధారించుకున్న తరువాతనే మొలల మందు మొదలుపెట్టవలెను.

గృహవైద్యం మన సొత్తు, దానిని నేను చిన్నచూపు చూడడం లేదు. అజీర్ణానికి శొంఠి, మలబద్ధానికి కరక్కాయ, విరేచనాలకు పలుచని మజ్జిగ ఈనాటికీ మేలైనవే. కాని తన హద్దు తెలిసిన వైద్యమే నిలుస్తుంది. తెల్లని మలం, తారువంటి మలం, కారణం తెలియని ఎర్రని మలం, బియ్యం కడిగిన నీళ్లవంటి విరేచనం — ఈ నాలుగూ ఆ హద్దుకు ఆవలివి. వీటికి జహీరాబాద్ ఏరియా ఆస్పత్రిలో మొదటి పరీక్ష, అవసరమైతే సుమారు 100 కిలోమీటర్ల దూరంలోని హైదరాబాదులో తదుపరి చికిత్స పొందవలెను. పసరు ఇచ్చేవారికి నా మనవి ఒక్కటే: రోగి గుమ్మంలో అడుగు పెట్టగానే మలం రంగు అడగండి. తెల్లగా ఉన్నదంటే పసరు గిన్నెను పక్కన పెట్టి, ఆస్పత్రికి దారి చూపండి.