కాలువ గట్టు దారికి ఏ కారు?

ఉండి: డెల్టా పల్లెల్లో ఒకప్పుడు కార్లను వేళ్లమీద లెక్కపెట్టేవారు. రైసు మిల్లు యజమాని ఇంటి ముందు అంబాసిడర్, డాక్టరు గారింటి ముందు మారుతి 800 ఉండేవి. పెళ్లికో, పురిటికో అడిగి తీసుకెళ్లేవారు. ఇప్పుడు ఉదయం ఎనిమిదిన్నర వేళ ఉండి సెంటర్లో కాసేపు నిలబడితే పరిస్థితి ఎంత మారిందో అర్థమవుతుంది. ఉపాధ్యాయులు, బ్యాంకు సిబ్బంది, ఆక్వా సంస్థల ఉద్యోగులు కార్లలోనే విధులకు వెళుతున్నారు. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజన జరిగి భీమవరం, ఏలూరు వేర్వేరు జిల్లా కేంద్రాలయ్యాయి. అటు కాపురం, ఇటు కొలువు అన్నవారి ప్రయాణం అప్పటి నుంచి మరింత పెరిగింది.

ఇంతలో ధరలూ దిగివచ్చాయి. నాలుగు మీటర్ల లోపు పొడవు, 1200 సీసీ లోపు పెట్రోలు ఇంజను ఉన్న కార్లపై సెస్సుతో కలిపి 29 శాతంగా ఉన్న పన్ను 2025 సెప్టెంబరు 22 నుంచి 18 శాతానికి తగ్గింది. దాంతో ఆల్టో కె10 ప్రారంభ ధర 4.23 లక్షల నుంచి 3.70 లక్షలకు, ఎస్‌ప్రెసో 4.26 లక్షల నుంచి 3.50 లక్షలకు వచ్చాయి. ఇవి అప్పటి షోరూము ధరలు. జీవితకాల పన్ను, రిజిస్ట్రేషను, బీమా కలిస్తే చేతికి వచ్చే ధర వేరు. కొత్త కారుకు మూడేళ్ల థర్డ్ పార్టీ బీమా ఒకేసారి కట్టాలన్న నిబంధన 2018 నుంచి అమల్లో ఉన్న సంగతి చాలామందికి బిల్లు చూశాక గాని గుర్తుకు రాదు.

ధర తగ్గింది కదా అని జనం చిన్న కార్ల వైపు మళ్లుతున్నారా అంటే, అంత తేలిగ్గా అవునని చెప్పలేం. 2024-25లో దేశంలో సుమారు 43 లక్షల ప్రయాణికుల వాహనాలు అమ్ముడుపోగా, వాటిలో 65 శాతం ఎస్‌యూవీలు, తదితర యుటిలిటీ వాహనాలే. మన ప్రాంతమూ ఇందుకు మినహాయింపు కాదు. వియ్యాలవారింటికి వెళ్లినప్పుడు గుమ్మంలో నిలిచే బండి ఎత్తుగా, వెడల్పుగా ఉండాలన్న కోరిక డెల్టాలో కాస్త ఎక్కువే. 2008 జనవరి 10న ఢిల్లీ ఆటో ఎక్స్‌పోలో రతన్ టాటా లక్ష రూపాయల కారుగా నానోను చూపించినప్పుడు దేశమంతా చప్పట్లు కొట్టింది. కానీ 'చవక కారు' అన్న ముద్రే దానికి శత్రువైంది. పదేళ్లు తిరిగేసరికి తయారీ ఆగిపోయింది. స్కూటరు మీద నలుగురు వెళ్లే కుటుంబం కోసం తలపెట్టిన బండి, ఆ కుటుంబానికే చిన్నతనంగా తోచింది.

రోడ్డు కొలతే అసలు లెక్క

అయితే ఏ కారు కొనాలన్న ప్రశ్నకు షోరూములో కంటే యండగండి, మహదేవపట్నం, పాములపర్రు వంటి ఊళ్ల రోడ్ల మీద స్పష్టమైన జవాబు దొరుకుతుంది. ఒక వరుస రోడ్డుకు ప్రమాణంగా తీసుకునే తారు వెడల్పు 3.75 మీటర్లు. రద్దీ బాగా తక్కువగా ఉండే గ్రామీణ రోడ్లకు మూడు మీటర్లే. ఒకవైపు కాలువ, మరోవైపు చేపల చెరువు ఉన్నచోట మార్జిను కూడా నామమాత్రమే.

ఆల్టో కె10 వెడల్పు 149 సెంటీమీటర్లు. రెండు ఆల్టోలు ఎదురుపడితే, అద్దాలను పక్కన పెట్టి చూస్తే, 375 సెంటీమీటర్ల తారు మీద ఇంకా 77 సెంటీమీటర్లు మిగులుతుంది. రెండు వ్యాగన్ ఆర్‌లకు అర మీటరు మిగులుతుంది. స్విఫ్ట్‌లైతే 28 సెంటీమీటర్లు. స్కార్పియో ఎన్ వెడల్పు దాదాపు 192 సెంటీమీటర్లు. అలాంటివి రెండు ఎదురుపడితే ఆ తారు మీద అసలు పట్టనే పట్టవు. ఎదురుగా వచ్చేది ఎనిమిది అడుగుల వెడల్పున్న చేపల లారీ అయితే ఆల్టోకూ దిగక తప్పదు. కానీ అది జానెడు కంటే తక్కువ దిగితే సరిపోతుంది, స్కార్పియో రెండడుగులు దిగాలి. వానాకాలం నల్లరేగడి మార్జినులో ఆ రెండడుగుల తేడా ఏమిటో ట్రాక్టరు కట్టి బండిని పైకి లాగించుకున్నవారికి తెలుసు.

నడపటంలో సరదా అన్నదీ ఇక్కడి నుంచే మొదలవుతుంది. హుషారు అంటే గంటకు 140 కిలోమీటర్ల వేగం కాదు. ఆ వేగానికి జాతీయ రహదారి మీదా చోటు లేదు, అనుమతీ లేదు. భీమవరం నుంచి ఉండి, ఆకివీడు మీదుగా కైకలూరు వైపు సాగే 165వ నంబరు జాతీయ రహదారి ఊళ్ల మధ్య నుంచే పోతుంది. కళ్లాల రోజుల్లో రోడ్డంచున ధాన్యం రాశులు, సాయంత్రం వేళ ఇంటికి మళ్లే గేదెలు, హఠాత్తుగా ఆగే షేర్ ఆటోలు ఉండే దారి అది. అలాంటిచోట రెండో గేరులో తొక్కగానే ముందుకు ఉరికే ఇంజను, వేలితో తిప్పినంత తేలికగా తిరిగే స్టీరింగు, ఒక్క ఒడుపులో వెనక్కి మళ్లే టర్నింగు ఉంటే డ్రైవింగు ఆటలా ఉంటుంది. ఇందుకు ఇంజను శక్తితో పాటు బండి బరువూ ముఖ్యమే. దాదాపు 66 హార్సుపవరు ఇచ్చే 998 సీసీ ఇంజను పెద్ద బండిలో మూలుగుతుంది, ఆల్టో వంటి తేలికైన బండిలో పరుగులు తీస్తుంది. డబ్బు ఇంకొంచెం పెట్టగలిగితే నడపటంలోని ఆనందానికి స్విఫ్ట్ ఇప్పటికీ మేలైన ఎంపికే. 2005లో వచ్చినప్పటి నుంచీ కుర్రకారు దాన్ని వదలకపోవటానికి కారణం ఉంది. అయితే దాని అడుగు భాగం కిందికి ఉంటుంది. చెరువు గట్ల మీదకు రోజూ వెళ్లేవారు ఎస్‌ప్రెసో, క్విడ్ వంటి 180 మిల్లీమీటర్ల ఎత్తున్నవి చూసుకోవటం మంచిది.

క్లచ్ తొక్కే పని లేని ఏఎంటీ గేరు పద్ధతి భీమవరం ఇరుకు వీధుల్లో కాలికి హాయి. కానీ లారీని దాటబోయే సమయంలో గేరు మారటానికి అది ఒక్క క్షణం ఆలోచిస్తుంది. ఎదురుగా బస్సు వస్తున్నప్పుడు ఆ క్షణం చాలా పెద్దదిగా తోస్తుంది. గట్టు రోడ్ల మీద తిరిగేవారికి చేతి గేరే నయమన్నది ఈ వ్యాసకర్త అభిప్రాయం. మోకాళ్ల నొప్పులున్నవారు విభేదించవచ్చు.

నెల ఖర్చు ఎంత?

రోజుకు రానుపోను 60 కిలోమీటర్లు, నెలకు 25 రోజులు తిరిగే ఉద్యోగిని తీసుకుందాం. నెలకు 1,500 కిలోమీటర్లు అవుతుంది. కంపెనీలు చెప్పే మైలేజీ 24, 25 ఉన్నా, మన రోడ్ల మీద చిన్న కారు లీటరుకు 20 ఇస్తుందనుకుంటే 75 లీటర్ల పెట్రోలు కావాలి. లీటరు 110 రూపాయల లెక్కన రూ.8,250. అదే దూరం లీటరుకు 13 ఇచ్చే పెద్ద బండిలో తిరిగితే సుమారు రూ.12,700. ఏడాదికి తేడా 53 వేల పైమాటే. ఈ లెక్కలో టైర్లు, సర్వీసింగు కలపలేదు. లీటరుకు 50 ఇచ్చే మోటారుసైకిల్‌కు ఇదే ప్రయాణం రూ.3,300తో తీరుతుంది. కాబట్టి కారు డబ్బు ఆదా చేస్తుందని ఎవరైనా చెబితే నమ్మవద్దు. మార్గశిర, పుష్య మాసాల్లో అడుగు దూరం కనిపించని మంచు, సార్వా రోజుల వానలు, చెరువుల దగ్గర సాయంత్రం కళ్లలో పడే పురుగులు, వెనుక కూర్చున్న పిల్లలు... వీటి కోసం చెల్లించే ధర అది.

అప్పు మీద కొనేవారు వాయిదా ఎంత అన్నదొక్కటే చూస్తున్నారు. ఐదు లక్షలు 9 శాతం వడ్డీకి ఐదేళ్లకు తీసుకుంటే నెలకు సుమారు రూ.10,380. ఏడేళ్లకు తీసుకుంటే రూ.8,045. వాయిదా తగ్గినట్టు కనిపిస్తుంది గాని, వడ్డీ రూ.1.23 లక్షల నుంచి రూ.1.76 లక్షలకు పెరుగుతుంది. రెండు వేల సౌలభ్యానికి చివరకు అర లక్షకు పైగా మూల్యం.

సీఎన్‌జీ బండి ఖర్చు పెట్రోలు కంటే బాగా తక్కువ. కంపెనీ లెక్క ప్రకారం ఆల్టో కిలోకు 33 కిలోమీటర్లు దాటుతుంది. అయితే సిలిండరు డిక్కీని మింగేస్తుంది, పికప్ కొంత తగ్గుతుంది. గ్యాసు బంకు మీ దారిలో లేకపోతే ఆదా అయినదంతా చుట్టు తిరగటానికే పోతుంది. విద్యుత్ కార్ల సంగతి వేరు. ఇంటి ముందు వాకిలి, సొంత మీటరు ఉన్న పల్లె ఇల్లు నిజానికి నగరంలోని అపార్టుమెంటు కంటే వీటికి అనుకూలం. టియాగో ఈవీ వంటి చిన్న బండికి వంద కిలోమీటర్లకు 11 యూనిట్లు పడుతుందనుకుంటే నెలకు 165 యూనిట్లు. యూనిట్ పది రూపాయలనుకున్నా రూ.1,650 దాటదు. ఆగి ఉన్నచోటు నుంచి అది కదిలే తీరు చూస్తే, సరదా కోరుకునేవారికి పెట్రోలు బండ్లేవీ దాని ముందు నిలవవు. కొనుగోలు ధర ఎక్కువ కావటం, విశాఖపట్నం వంటి దూర ప్రయాణాలకు చార్జింగు ఆగాల్సి రావటం ఇబ్బందులు. ఇంట్లో రెండో బండి ఉన్నవారికి, రోజూ ఒకే దారిలో తిరిగేవారికి ఇది తగినది.

భీమవరం వరకే పని ఉన్నవారు రైలు వేళలు కూడా ఒకసారి చూసుకోవాలి. గుడివాడ, భీమవరం మార్గంలో రెండో లైను, విద్యుదీకరణ 2022లో పూర్తయ్యాయి. ఉండి స్టేషను ఆ మార్గంలోనే ఉంది. ఆఫీసు వేళకు రైలు కుదిరినవారికి ఏ కారూ అంత చవకగా రాదు.

పాత బండిలో దాగిన బురద

సెకండ్ హ్యాండ్ కొనేవారికి ఇక్కడ ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలో వేల వాహనాలు నీట మునిగాయి. ఆ నీరే దిగువకు వచ్చి కొల్లేరు నిండి, ఏలూరు, కైకలూరు రహదారి మీద రాకపోకలు నిలిచిపోయాయి. మునిగిన బండ్లు బాగుపడి, మెరుగులు దిద్దుకుని తక్కువ ధరకు చేతులు మారే ప్రమాదం ఉంటుంది. సీటు బెల్టును చివరిదాకా బయటికి లాగి చూడాలి. లోపలి భాగంలో బురద గీత ఉంటే ఆ బండి మునిగినట్టే. సీటు కింది పట్టాల తుప్పు, కార్పెటు కింద తేమ, లైటు అద్దాల లోపల ఆవిరి కూడా సాక్ష్యం చెబుతాయి. బీమా కంపెనీ వద్ద పాత క్లెయిముల వివరం అడగటానికి మొహమాటపడకూడదు. చేపల లారీల నుంచి కారే ఉప్పు, ఐసు నీళ్ల మీదుగా రోజూ తిరిగిన బండికి అడుగు భాగం త్వరగా తుప్పు పడుతుంది గనుక, కొనేముందు జాకీ మీద ఎత్తించి కింద చూడాలి.

2023 ఏప్రిల్‌కు ముందు తయారైన బండ్లకు ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు సమస్య కూడా ఉంది. పది శాతానికి సరిచేసిన ఇంజన్లలో మైలేజీ 6-7 శాతం తగ్గవచ్చని 2021లో నీతి ఆయోగ్ నివేదికే అంచనా వేసింది. పాత గొట్టాలు, రబ్బరు భాగాలు మార్పించే ఖర్చును బేరంలో కలుపుకోవాలి.

ఇక భద్రత. చిన్న కారు పక్షం వహించేవారు దాచకూడని విషయం ఇది. గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షల్లో 2020లో ఎస్‌ప్రెసోకు ఒక్క నక్షత్రమూ రాలేదు. 2023లో ఆల్టో కె10కు పెద్దల భద్రతలో రెండే వచ్చాయి. ఆల్టోలో ఆరు ఎయిర్‌బ్యాగులు తప్పనిసరి చేసింది ఆ పరీక్ష తర్వాత, 2025లో. టియాగోకు 2020లోనే నాలుగు నక్షత్రాలు దక్కాయి. రోజూ పదహారో నంబరు జాతీయ రహదారి ఎక్కి తాడేపల్లిగూడెం, ఏలూరు మధ్య లారీలతో పోటీపడేవారు లక్ష ఎక్కువైనా టియాగో వంటివాటి వైపే మొగ్గాలి. ఊరి రోడ్లకే పరిమితమైనవారికి ఆల్టో సరిపోతుంది. అది కూడా ఆరు ఎయిర్‌బ్యాగులున్న కొత్త మోడలు అయితేనే.

మన దగ్గర నక్షత్రాలు లెక్కించని ప్రమాదం మరొకటి ఉంది. కారు కాలువలోకి దూసుకెళ్లిందన్న వార్త డెల్టా పాఠకులకు కొత్త కాదు. రక్షణ గోడ లేని మలుపులు ఎన్ని ఉన్నాయో రోజూ తిరిగేవారికి తెలుసు. వాటి మీద అర్జీలు పెట్టి పెట్టి విసిగినవారూ ఉన్నారు. నీళ్లలో పడ్డ కారు తలుపు బయటి నీటి ఒత్తిడికి తెరుచుకోదు. కారు తేలుతూ ఉండే మొదటి నిమిషంలోనే బెల్టు విప్పి, అద్దం దించి, కిటికీలోంచి బయటపడాలి. కరెంటు అద్దాలు ఆ కొద్దిసేపు పనిచేసే అవకాశం ఉంటుంది, ఆ తర్వాత మొరాయిస్తాయి. అద్దం పగలగొట్టే చిన్న సుత్తి బజారులో దొరుకుతుంది. దాన్ని డిక్కీలో పెడితే ప్రయోజనం లేదు, డ్రైవరు చేతికి అందేచోట ఉంచాలి. కారు కొన్న రోజే ఇంటిల్లిపాదికీ ఇది చెప్పి, కిటికీ బటన్లు ఎక్కడున్నాయో పిల్లలకు చూపించాలి.

టెస్టు డ్రైవుకు షోరూమువారు బైపాసు మీద రెండు కిలోమీటర్లు తిప్పి తీసుకొస్తామంటారు. అందుకు ఒప్పుకోకుండా బండిని మీ ఊరికి తెప్పించమని అడగండి. సాయంత్రం ఆరింటికి, చేపల లారీలు బయలుదేరే వేళ, ఇంట్లోవాళ్లను నలుగురినీ ఎక్కించుకుని, ఏసీ వేసి, గట్టు ఎక్కే ఏటవాలు దగ్గర బండి ఆపి, రెండో గేరుకు ఎంత త్వరగా వెళుతుందో చూడండి. ఒక లారీకి సైడు ఇచ్చి, ఎడమ చక్రం మార్జినులోకి దించి మళ్లీ తారు ఎక్కించండి. అడుగు భాగం రాసుకుందా లేదా అప్పుడే తెలిసిపోతుంది.